మస్టర్ రాసే చిన్నాయన ‘సరే’ అంటేనే..!

మాది కడప జిల్లా ఖాజీపేట. కడప నుంచి మైదుకూరు పోయే దారిలో వస్తుంది. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఓ చిన్న కంపెనీలో చేరాను. రెండో ఏడాది మేనేజర్ పిలిచి, ‘మీది కడప సైడే కదా, అక్కడో క్లయింట్ ఉన్నారు, నువ్వే వెళ్లు’ అన్నాడు. ఎగిరి గంతేశాను. సొంత జిల్లాలో భుజాన ల్యాప్‌టాప్ బ్యాగ్ వేసుకుని కన్సల్టెంట్ హోదాలో దిగడం.. అంతకన్నా ఏం కావాలి?

క్లయింట్ అంటే జమ్మలమడుగు వైపు ఓ నాపబండల పాలిషింగ్ యూనిట్. బండలు కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు, లారీలకు లోడింగ్ చేసేవాళ్లు, అందరూ కలిపి 180 మంది దాకా ఉంటారు. గేటు పక్కన రేకుల గదిలో ఓ పెద్దాయన పొడుగాటి రిజిస్టర్‌లో హాజరు రాస్తుంటాడు. దాన్నే అక్కడ మస్టర్ అంటారు. ఆ రిజిస్టర్ తీసేసి వేలిముద్రల మెషిన్, ఫోన్‌లో యాప్ పెట్టాలి. సెలవులు, ఓవర్‌టైమ్, జీతం లెక్క అన్నీ దాంట్లోంచే రావాలి. ఇదీ పని. ఓనర్ డబ్బు కట్టేశాడు, నాకు రెండు వారాల టైమ్ ఇచ్చారు. పది రోజుల్లో పూర్తి చేశాను.

నలభై రోజులకు ఓనర్ నుంచి ఫోన్. ‘మీ మెషిన్ వచ్చి తీసుకుపోండి’ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. ఆ నిదానమే ఎక్కువ నొప్పించింది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదని అప్పట్లో గట్టిగా నమ్మాను. కోడ్ సరిగానే నడుస్తోంది మరి. ఏం జరిగిందో మళ్లీ వెళ్లి కూర్చుంటే తెలిసింది. రోజంతా నీళ్లలో, రాతిపొడిలో పనిచేసే చేతులకు వేలిగీతలు అరిగిపోయి ఉంటాయి. మెషిన్ ఐదుసార్లు పెడితే ఒకసారి తీసుకునేది. షిఫ్ట్ మొదలయ్యే టైమ్‌కు గేటు దగ్గర క్యూ కట్టేవాళ్లు. క్యూలో నిలబడ్డ పది నిమిషాలు ఆలస్యం కింద లెక్కయ్యేది. రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరుకు దిగేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. తేదీ మారగానే సిస్టమ్ వాళ్ల షిఫ్ట్‌ను రెండు ముక్కలు చేసి ఈరోజు అరపూట, రేపు అరపూట అని చూపించింది. మొదటి నెల జీతాల్లో నలభై మందికి తక్కువ పడింది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, రేకుల గదిలో బల్ల కింద పాత రిజిస్టర్ అలాగే నడుస్తోంది. జీతాలు చివరికి దాని ప్రకారమే ఇచ్చారు. మూడో వారంలో మెషిన్ వైరు ఎవరో కోసేశారు. ఎవరని నేను అడగలేదు, అడిగినా చెప్పరు.

ఈ పేజీ చదివే మీలో చాలామంది రేపు ఇలాంటి పనుల్లోనే చేరతారు. టెస్టింగ్, సపోర్ట్, ఇంప్లిమెంటేషన్, బిజినెస్ అనలిస్ట్.. పేరు ఏదైనా కావచ్చు, కొత్త సాఫ్ట్‌వేర్‌ను పాత మనుషుల చేతుల్లో పెట్టే పని అది. కాలేజీలో మనకు డేటాబేస్ చెబుతారు, జావా చెబుతారు. మస్టర్ రాసే ఆయనతో టీ తాగడం ఎలాగో ఏ సెమిస్టర్‌లోనూ ఉండదు.

ఒక యాప్, ఎన్నో ప్రశ్నలు

నాది చిన్న యూనిట్ కథ. ఇదే సమస్య రాష్ట్రమంతా చూసేంత పెద్ద ఎత్తున 2022 ఆగస్టులో కనిపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో టీచర్ల హాజరును ముఖ గుర్తింపు యాప్‌తో తీసుకోవాలని విద్యాశాఖ నిర్ణయించింది. ఆగస్టు 16 నుంచి టీచర్లు తమ సొంత ఫోన్లలో యాప్ వేసుకుని, బడి ఆవరణలో ఫొటో దిగి హాజరు వేయాలి. మొదట్లోనే సాంకేతిక ఇబ్బందులు వచ్చాయి, ఉపాధ్యాయ సంఘాలు కలిసికట్టుగా వ్యతిరేకించాయి.

బయటి నుంచి చూసినవాళ్లు ‘టైమ్‌కు బడికి రమ్మంటే ఎందుకంత బాధ?’ అన్నారు. నేనూ మొదట అదే అనుకున్నాను, దాచను. కానీ సంఘాలు లేవనెత్తిన ప్రశ్నలు ఒకసారి చూడండి. ఫోన్ నాది, డేటా నాది, అందులో ఆఫీసు యాప్ ఎందుకు? పరికరం మీరే ఇవ్వొచ్చు కదా? సిగ్నల్ లేని ఊళ్లో ఎలా? తొమ్మిది దాటితే ఆ పూట సెలవు కింద పోతుందా? నా ముఖం ఫొటో, నా ఫోన్‌లో ఉన్న సమాచారం ఎవరి దగ్గరికి పోతాయి? విద్యార్థుల హాజరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు అంటూ ఇప్పటికే చేతిలో బోలెడు యాప్‌లున్నాయి, పాఠం ఎప్పుడు చెప్పాలి?

వీటిలో ‘మేం టైమ్‌కు రాం’ అనే మాట ఒక్కటీ లేదు. అన్నీ జవాబు చెప్పదగ్గ ప్రశ్నలే. అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ సంఘాలతో చర్చలు జరిపారు. రిజిస్ట్రేషన్‌కు, అలవాటు పడటానికి 15 రోజుల గడువు ఇచ్చారు. ఆ తర్వాత 2023 జనవరి 1 నుంచి ముఖ గుర్తింపు హాజరును మిగతా ప్రభుత్వ ఉద్యోగులకూ విస్తరించే ఆదేశాలు వచ్చాయి. అంటే విధానం ఆగలేదు. కానీ ముందు వారం జరగాల్సిన సంభాషణ గొడవ మొదలయ్యాక జరిగింది. మన ఉద్యోగంలో మనకు అక్కరకొచ్చే విషయం ఇక్కడుంది. ఆ ప్రశ్నలన్నీ యాప్ రాకముందే టీచర్ల నోట ఉండే ఉంటాయి. అడిగితే చాలు, బయటికొచ్చేవి.

ఉపాధి హామీ పనుల్లోనూ ఇలాంటిదే చూశాం. కేంద్రం 2021 మేలో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, లొకేషన్‌తో సహా అప్‌లోడ్ చేయాలి. 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. పొద్దున పని ముగించుకుని ఇంటికి పోయిన కూలీ రెండో ఫొటో కోసం మళ్లీ రావాలి, సిగ్నల్ దొరక్క ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి సంగతి ఏంటి? ఆ ఏడాది ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దాకా వెళ్లి వంద రోజుల ధర్నా మొదలుపెట్టారు. దొంగ మస్టర్లు ఆపాలనే ఉద్దేశం మంచిదే. కానీ దొంగ మస్టర్ రాసినవాడికంటే ఎండలో పనిచేసినవాడికే ముందు ఇబ్బంది వచ్చింది.

అసలు ‘నో’ ఎవరిది?

కార్పొరేట్ భాషలో వీళ్లందర్నీ స్టేక్‌హోల్డర్లు అంటారు. మాట పెద్దది, అర్థం మాత్రం ఇంతే: ఈ మార్పు వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఎవరు మూతి ముడిస్తే పని ఆగిపోతుంది? ఓనర్, హెచ్‌ఆర్, అకౌంట్స్, ఐటీ, సూపర్‌వైజర్లు, యూనియన్, చివరికి కార్మికుడు. ఓనర్‌ను ఒప్పించడం తేలిక, ఆయన డెమో చూసే డబ్బు కట్టాడు. ఐటీ వాళ్లు సర్వర్ ఎక్కడ, పాస్‌వర్డ్ ఎవరిది అని అడుగుతారు, జవాబు కాగితం మీద ఇస్తే సరిపోతుంది. కష్టమంతా మధ్యలో ఉన్న మనిషితోనే.

నా కథలో ఆ మనిషి మస్టర్ రాసే పెద్దాయన. రెండోసారి వెళ్లినప్పుడు మెషిన్ మాట ఎత్తకుండా మూడు రోజులు ఆయన గదిలోనే కూర్చున్నాను. చిన్నాయనా అని పిలిచేవాణ్ని. మొదటి రోజు పెద్దగా మాట్లాడలేదు. రెండో రోజు టీ తెప్పించాడు. మూడో రోజు రిజిస్టర్ నా ముందుకు తోసి, ‘చూడు బ్బా, ఇదంతా నీ డబ్బాలో పడతాదేమో’ అన్నాడు.

పట్టదు. ఒకే పేరున్నవాళ్లు ముగ్గురుంటే పేరు పక్కన చిన్న గుర్తులు పెట్టుకున్నాడు. ఆధార్‌లో ఒక పేరు, ఊళ్లో ఇంకో పేరు ఉన్నవాళ్లున్నారు. కొన్ని గళ్లలో ఆకుపచ్చ ఇంకుతో చుక్కలు. అవేంటని అడిగితే కాసేపు ఆగి చెప్పాడు. ఇంట్లో బిడ్డకు జ్వరమొచ్చి ఒక పూట ముందే పోయినవాడికి పూర్తి రోజు వేసి, వాడి చేత ఆదివారం రెండు గంటలు అదనంగా చేయించుకోవడం. ఓనర్‌కు తెలుసా అన్నాను. ‘తెలుసు, తెలీదు’ అన్నాడు.

అప్పుడర్థమైంది నేను చేసిన పని. పది రోజుల్లో ఆయన రిజిస్టర్‌తోపాటు ఆయన మాటకున్న విలువను కూడా తీసేశాను. ఆ గదిలో ఆయనకున్న ఏకైక అధికారం ఆ ఆకుపచ్చ చుక్క. దాంతో మంచీ చేస్తున్నాడు, తనకు కావాల్సినవాళ్లకు కాస్త ఎక్కువ మంచీ చేస్తుండొచ్చు, కాదనను. కానీ దానికి బదులుగా నేనిచ్చిందేమిటి? సున్నా. అలాంటప్పుడు ఆయన నా మెషిన్‌ను ఎందుకు బతకనిస్తాడు?

ఈసారి చేసింది చాలా చిన్న మార్పు. హాజరు సరిచేసే స్క్రీన్ ఒకటి ఏ హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఉంటుంది, రెగ్యులరైజేషన్ అంటారు. మొదటిసారి దాన్ని హైదరాబాద్‌లో ఉండే హెచ్‌ఆర్ మేడమ్‌కు మాత్రమే ఇచ్చాం. రెండోసారి చిన్నాయన చేతికిచ్చాం. నెలకు ఒక్కో మనిషికి ఇన్నిసార్లు అని పరిమితి, కారణం రాయాలి, ఓనర్‌కు కనిపిస్తుంది. ఆకుపచ్చ చుక్క బల్ల మీదికొచ్చింది. ఆయన మొదట బిగుసుకున్నాడు. తర్వాత తనే అన్నాడు, ‘ఇదీ బాగానే ఉంది, రేపు ఎవడన్నా నన్ను దొంగ అంటే చూపించొచ్చు’. ఆ మాట నా ప్రెజెంటేషన్‌లో ఏ స్లైడ్‌లోనూ లేదు.

వేలిముద్రలు తీసేసి గేటు దగ్గర కంపెనీ ఖర్చుతో ముఖం గుర్తించే ట్యాబ్ ఒకటి పెట్టాం, ఎవరి సొంత ఫోనూ అక్కర్లేదు. అది పనిచేయని రోజు రిజిస్టరే ప్రమాణం అని గోడ మీద తెలుగులో రాసి అంటించాం. యాప్‌కంటే ఆ కాగితానికే ఎక్కువ పేరొచ్చింది, నిజం.

జీతంతో ప్రయోగాలొద్దు

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఏ కొత్త సిస్టమ్ వచ్చినా కనీసం రెండు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవాలి. దీన్నే ప్యారలల్ రన్ అంటారు. రెండు లెక్కలూ పోల్చి, తేడా ఎందుకొచ్చిందో తేలాకే పాతది ఆపాలి. మేనేజర్లకు ఇది నచ్చదు. రెండింతల పని, టైమ్ వేస్ట్ అంటారు. మీరు ఫ్రెషర్ అయినా సరే, మర్యాదగా పట్టుబట్టండి. లోడింగ్ మనిషికి వారం కూలిలో మూడొందలు తగ్గితే అది మనకు బగ్, వాళ్లింట్లో అది సరుకుల చీటీ.

పెద్ద దేశాలు కూడా ఇక్కడే బోల్తాపడ్డాయి. కెనడా ప్రభుత్వం 2016లో ఫీనిక్స్ అనే కొత్త జీతాల వ్యవస్థ మొదలుపెట్టింది. కొత్త సిస్టమ్ వస్తోంది కదా అని జీతాల లెక్కలు తెలిసిన వందలాది ఉద్యోగులను ముందే తగ్గించేసుకుంది. తర్వాత వేలాది మందికి జీతం తక్కువ పడింది, కొందరికి ఎక్కువ పడింది, కొందరికి అసలు పడలేదు. సరిచేయడానికి ఏళ్లు పట్టింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఆరోగ్యశాఖకు 2010లో ఇలాంటి దెబ్బే తగిలింది. అక్కడి చిన్నాయనలను కూడా ఎవరూ అడగలేదని నాకనిపిస్తుంది.

అకౌంట్స్ వాళ్లను కూడా తేలిగ్గా తీసుకోకండి. ప్రతి ఆఫీసులో ఒకరు ఏళ్ల తరబడి పెంచుకున్న ఎక్సెల్ షీట్ ఒకటి ఉంటుంది. అందులో ఎవరికీ తెలియని ఫార్ములాలుంటాయి, పండగ అడ్వాన్స్ కోతలుంటాయి, పీఎఫ్ లెక్కలుంటాయి. ఆ షీట్ అడిగి తీసుకుని, ఒక్కో కాలమ్ ఎందుకుందో వాళ్ల చేతే చెప్పించుకోండి. సగం రిక్వైర్‌మెంట్లు అక్కడే దొరుకుతాయి. ‘మీ షీట్ పాతబడింది’ అన్నారో, అయిపోయింది.

నా ముఖం ఎక్కడికి పోతాది?

ట్యాబ్ పెట్టిన రోజు బండలు కోసే అన్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. చెడు రోజు. టెక్నాలజీ తెలిసినవాడిగా మనకు ఇది వచ్చి ఉండాలి. మామూలుగా ఇలాంటి మెషిన్లు ముఖంలోని కొలతలను అంకెల రూపంలోకి మార్చి దాచుకుంటాయి. కొన్ని ఫొటోను కూడా దాచుకుంటాయి. మనం అమ్మేది ఏది చేస్తుందో, ఎన్నాళ్లు ఉంచుతుందో, మనిషి పని మానేస్తే తీసేస్తారో లేదో ముందే కనుక్కోవాలి. మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. ఉద్యోగ అవసరాలకు సమాచారం వాడుకోవడంపై అందులో విడిగా ప్రస్తావన ఉంది. పుస్తకమంతా చదవక్కర్లేదు, మీరు చేరే ప్రొడక్ట్‌కు సంబంధించిన భాగం చదివి వెళ్తే ఇంటర్వ్యూలో నలుగురిలో ఒకరుగా మిగలరు.

‘మీ సమాచారం సేఫ్ అన్నా’ అని నవ్వేసి తప్పించుకోకండి. తెలియకపోతే రేపు కనుక్కొని చెబుతానని చెప్పి, రేపు నిజంగా చెప్పండి. నేను రెండో రోజు వెళ్లి చెప్పాను. ఆయన తలూపి పనిలో పడ్డాడు. అంతే, చప్పట్లేమీ కొట్టలేదు. కానీ మర్నాడు ట్యాబ్ ముందు మొదట నిలబడింది ఆయనే.

మరి ఉద్యోగాలు?

హెచ్‌ఆర్ టెక్నాలజీ అంటే ఎక్కడో అమెరికా సంగతి అనుకుంటాం. ఈ రంగంలో పేరున్న డార్విన్‌బాక్స్ 2015లో హైదరాబాద్‌లో పుట్టింది. జయంత్ పాలేటి, రోహిత్ చెన్నమనేని, చైతన్య పెద్ది మొదలుపెట్టారు. 2022 జనవరిలో యూనికార్న్ అయింది, అంటే విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. విజయ్ యలమంచిలి పెట్టిన కేకా కూడా హైదరాబాద్‌దే. 2022 నవంబర్‌లో 5.7 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. పక్కన తమిళనాడులో జోహో ఉంది. ఇలాంటి కంపెనీలకు కోడ్ రాసేవాళ్లతోపాటు క్లయింట్ దగ్గరికి వెళ్లి సిస్టమ్‌ను నిలబెట్టేవాళ్లూ కావాలి. ఇంప్లిమెంటేషన్ కన్సల్టెంట్, కస్టమర్ సక్సెస్ వంటి పేర్లతో నోటిఫికేషన్లు చూసి ‘ఇది కోర్ జాబ్ కాదు’ అని దాటేయకండి. తెలుగు బాగా మాట్లాడటం ఇక్కడ నిజంగా పనికొచ్చే నైపుణ్యం. ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌తో బెంగళూరు యాసలో ఇంగ్లిష్ మాట్లాడితే ఏమవుతుందో ఊహించుకోండి.

1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ అని ఒకటి ప్రతిపాదించాడు. కొత్త టెక్నాలజీని మనుషులు వాడతారా లేదా అన్నది రెండిటి మీద ఆధారపడుతుందంటాడు: ఇది నాకు ఉపయోగమా, వాడటం తేలికేనా. ఇంటర్వ్యూలో ఈ పేరు చెప్పొచ్చు. కానీ ఆ వెంటనే ‘మీరు ఎప్పుడైనా ఎవర్నైనా ఒప్పించారా?’ అని అడుగుతారు. దానికి కథ కావాలి, పేరు సరిపోదు.

ఆ కథ కాలేజీలోనే తయారు చేసుకోవచ్చు. ప్రొద్దుటూరు వైవీయూ ఇంజినీరింగ్ కాలేజీ కానీ, పులివెందుల జేఎన్‌టీయూ కానీ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ కానీ, ఎక్కడైనా హాస్టల్ ఉంటుంది, మెస్ ఉంటుంది, మెస్‌లో పుస్తకం రాసే మనిషి ఉంటారు. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా మళ్లీ ఇంకో ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్ చేయబోతున్నారా? చేయండి, ఏటా సగం మంది చేస్తున్నదే. కానీ ల్యాబ్‌లో పదిమంది ఫ్రెండ్స్ ముఖాల మీద టెస్ట్ చేసి ఆపేయకండి. మెస్‌లో పనిచేసే నలుగురి చేత ఒక నెల వాడించండి. ముందు వాళ్ల పుస్తకం చూడండి. ఎందుకు వద్దన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాళ్ల కోసం ఏం మార్చారో రాసుకోండి. ఆ రెండు పేజీలు మీ రెజ్యూమెలో అక్యురసీ 97 శాతం అనే వాక్యం కన్నా ఎక్కువ మాట్లాడతాయి. నన్ను ఇప్పటి కంపెనీలోకి తీసుకున్నవాళ్లు నా కోడ్ గురించి పది నిమిషాలు అడిగారు, ఆకుపచ్చ చుక్క గురించి ముప్పావుగంట అడిగారు.

పోయిన సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు చిన్నాయన నుంచి ఫోన్ వచ్చింది. రాత్రి షిఫ్ట్ వాళ్లకు టీ ఖర్చు వేరే కాలమ్‌లో చూపించాలట, అది ఎట్ల పెట్టాలని అడిగాడు. నేనా కంపెనీ మానేసి చాలా రోజులైందని చెప్పాను. ‘దాందేముంది, నువ్వు చెప్పు, నేను నొక్కుతా’ అన్నాడు.